కణజాలాలు, వాటి గ్రీకు పేర్లు

ఒకే మూలం నుంచి పుట్టి, కలిసి ఒకే పని చేసే కణాల సముదాయాన్ని కణజాలం అంటారు. అందులోని కణాలన్నీ ఒకే రూపంలో ఉండవచ్చు, నాలుగైదు రకాలు కలిసి కూడా ఉండవచ్చు. ఏకకణజీవికి కణజాలంతో పనిలేదు. తిండి, శ్వాస, కదలిక, సంతానం అన్నీ ఆ ఒక్క కణమే చూసుకుంటుంది. శరీరం పెద్దదయ్యేకొద్దీ పని పంచుకోక తప్పదు. ఆ పంపకం మొక్కల్లో ఒక దారిన, జంతువుల్లో మరో దారిన సాగింది. మొక్క ఉన్నచోటనే ఉండి బతికినంతకాలం పెరుగుతుంది. కాబట్టి దానికి పెరిగే కణజాలమూ, నిలబెట్టే కణజాలమూ ముఖ్యం. జంతువు ఆహారం వెతుక్కుంటూ కదలాలి. కాబట్టి దానికి కండరమూ నాడీ ముఖ్యం.

శాస్త్రంలో కణజాలానికి స్థానం కల్పించినవాడు ఫ్రెంచి వైద్యుడు జేవియర్ బిషా (1771–1802). పారిస్‌లో శవపరీక్షలు చేస్తూ ఆయన ఒక సంగతి గమనించాడు. ఊపిరితిత్తులను కప్పిన పొర, గుండెను చుట్టిన పొర, పేగులను ఆవరించిన పొర వేర్వేరు అవయవాలకు చెందినవే అయినా వాటి గుణం ఒకటే. జబ్బు చేసినప్పుడు అవి చెడే తీరూ ఒకటే. అంటే అవయవం కంటే మౌలికమైన విభాగం ఒకటి శరీరంలో ఉంది. బట్టల నేతకు వాడే ఫ్రెంచి మాటనే ఆయన దానికి పేరుగా తీసుకున్నాడు. 1801లో వెలువరించిన గ్రంథంలో 21 రకాల కణజాలాలను వివరించాడు. ఇంత పని చేసినా ఆయన సూక్ష్మదర్శినిని నమ్మలేదు. ఆనాటి కటకాలు వస్తువు చుట్టూ లేని రంగులను చూపించేవి. అందుకని కణజాలాన్ని ఎండబెట్టి, ఉడకబెట్టి, కుళ్లబెట్టి, ఆమ్లంలో నానబెట్టి, అది ఎలా మారుతుందో చూసి తేడాలు పట్టుకున్నాడు. 30 ఏళ్ల వయసులోనే మరణించాడు. 1819లో జర్మనీలోని బాన్ నగరంలో ఆగస్ట్ మేయర్ ఈ శాస్త్రానికి హిస్టాలజీ అని పేరుపెట్టాడు. గ్రీకులో హిస్టోస్ అంటే మగ్గం, మగ్గం మీద నేసిన బట్ట. తెలుగు కణజాలంలోని జాలం అంటే వల. అల్లిక అన్న ఊహ రెండింటిలోనూ ఉంది.

అక్కడి నుంచి 19వ శతాబ్దమంతా పేర్లు పుడుతూనే వచ్చాయి. ఐరోపా పండితులు ఒక్కొక్కరు ఒక్కో భాషలో రాసినా, కొత్తగా కనిపించినదానికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు అందరూ గ్రీకు, లాటిన్ భాషలనే ఆశ్రయించారు. గ్రీకులో రెండు మూడు చిన్న మాటలను సులువుగా సమాసం చేయవచ్చు. ఆ పేర్లలో కొన్ని కణం రూపాన్ని చెబుతాయి, కొన్ని అది ఉన్న చోటును చెబుతాయి, మరికొన్ని పేరు పెట్టిననాటి పొరపాటు నమ్మకాన్ని ఈనాటికీ మోస్తున్నాయి. పేరు వెనుక ఏముందో ఒకసారి తెలిస్తే బైపీసీ విద్యార్థి వాటిని గుడ్డిగా వల్లె వేయవలసిన అవసరం ఉండదు.

మొక్కల్లో

మొక్క పెరుగుదలంతా విభాజ్య కణజాలం పని. దీని గ్రీకు పేరు మెరిస్టెమ్. మెరిస్టోస్ అంటే విభజించదగినది, మెరోస్ అంటే భాగం. స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ నెగేలి 1858లో ఈ పేరు పెట్టాడు. ఈ కణాలు చిన్నవి. గోడలు పలుచన, లోపల జీవపదార్థం చిక్కన. వేరు కొనలో, కాండం కొనలో ఉండి ఇవి మొక్కను పొడవు పెంచుతాయి. గడ్డిజాతి మొక్కల్లో కణుపుల దగ్గర, ఆకు మొదట్లో కూడా ఉంటాయి. పశువులు పైనుంచి మేసినా గడ్డి మళ్లీ పెరగడానికి కారణం అదే. కొన్ని జాతుల వెదురు రోజుకు 90 సెంటీమీటర్ల దాకా పెరగడానికీ ఈ కణుపుల విభజనే మూలం. చెట్టును లావు చేసేది మూడో రకం. బెరడుకూ చెక్కకూ నడుమ పలుచని పొరగా ఉండే దీన్ని కేంబియం అంటారు. ఇది గ్రీకు కాదు, లాటిన్ మాట. మామిడి అంటు కట్టేటప్పుడు కొమ్మ కేంబియం, మొక్క కేంబియం ఒకదానికొకటి తగిలేలా బిగించి కట్టాలి. అప్పుడే రెండూ కలిసి ఒకే చెక్కను, ఒకే బెరడును పుట్టిస్తాయి. తాటికీ కొబ్బరికీ కేంబియం లేదు. అందుకే వాటి మాను కొయ్యలో వార్షిక వలయాలు కనిపించవు, వాటికి మామిడికి కట్టినట్టు అంటు కట్టడమూ సాధ్యం కాదు.

విభాజ్య కణజాలం నుంచి వచ్చిన కణాలు స్థిరపడి రకరకాల పనులకు అలవాటు పడతాయి. వాటిలో ఎక్కువ భాగం పరెంకైమా, అంటే మృదుకణజాలం. వృక్షశాస్త్రంలో ఇంత పాత చరిత్ర ఉన్న పేరు అరుదు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఎరాసిస్ట్రాటస్ అనే గ్రీకు వైద్యుడు ఉండేవాడు. కాలేయం, ఊపిరితిత్తుల వంటి అవయవాల కండ ఎలా ఏర్పడింది అన్న ప్రశ్నకు ఆయన చెప్పిన జవాబు, రక్తనాళాల నుంచి రక్తం పక్కకు ఒలికి గడ్డకట్టి ఆ కండ అయిందని. పరా అంటే పక్కన, ఎన్‌ఖైమా అంటే లోపలికి పోసినది. రెండూ కలిపి పరెంకైమా అన్నాడు. ఆ సిద్ధాంతం తప్పని ఏనాడో తేలింది. పేరు మాత్రం పోలేదు. నేటికీ మూత్రపిండానికో కాలేయానికో అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేయిస్తే, రిపోర్టులో పరెంకైమా అన్న మాట కనిపిస్తుంది. ఆ అవయవం అసలు పని చేసే భాగమని అక్కడ దాని అర్థం.

ఈ మాటను మొక్కల్లోకి తెచ్చినవాడు ఇంగ్లండు వైద్యుడు నెహెమియా గ్రూ. 1660లలో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చిన్న గదులు చూసి వాటికి లాటిన్‌లో గది అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. అదే కణం. తర్వాతి దశకంలో గ్రూ, ఇటలీలో మార్సెల్లో మాల్పీగీ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే మొక్క లోపలి నిర్మాణాన్ని పరిశీలించారు. 1682లో గ్రూ అచ్చువేసిన గ్రంథంలోని చిత్రాలు నేటికీ చూడదగ్గవి. కాండం నడిమి దవ్వ, బెరడులోని మెత్తని భాగం నాళాల మధ్య సందులను నింపుతున్నట్టు కనిపించడంతో ఆయన వాటికి వైద్యుల మాటనే వాడాడు.

బంగాళాదుంపలో పిండి నిలవ ఉండేది మృదుకణజాలంలోనే. మామిడి గుజ్జు, అరటి దూట, పుచ్చకాయ కండ కూడా అదే. కణాలు బతికే ఉంటాయి, గోడలు పలుచగా ఉంటాయి, నడుమ గాలి ఆడే సందులుంటాయి. అవసరమైతే ఇవి మళ్లీ విభజన మొదలుపెట్టగలవు. గులాబీ కొమ్మ ముక్కను మట్టిలో గుచ్చితే వేళ్లు రావడం, గాటు పడిన చెట్టు మాను పూడుకోవడం ఈ శక్తి వల్లనే. పత్రహరితం నిండితే క్లోరెంకైమా అవుతుంది. క్లోరోస్ అంటే లేత పచ్చ. గాలి గదులు పెరిగితే ఏరెంకైమా. తామర తూడును అడ్డంగా కోస్తే ఆ గదులు కంటికే కనిపిస్తాయి. నీరు నిలిచిన మడిలో మట్టికి ఆక్సిజన్ అందదు. అయినా వరి వేళ్లు కుళ్లవు. వేరులో కొన్ని కణాలు కావాలనే చనిపోయి గాలి దారులను వదులుతాయి, ఆకుల నుంచి ఆక్సిజన్ వాటి గుండా కిందికి దిగుతుంది. తెలుగు నేలల్లో డెల్టా వరిసాగు నిలబడింది ఈ కణజాలం మీద.

ఎన్‌ఖైమా అన్న తోక మరో రెండు పేర్లకూ తగిలింది. కొల్లెంకైమాలో కొల్లా అంటే జిగురు. ఈ కణాల మూలల్లో గోడ మందంగా, తడిగా మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపు చూసి జిగురు అన్నారు. తెలుగు అకాడమీ పుస్తకాలు దీన్ని స్థూలకోణ కణజాలం అంటాయి. మూలలు లావు అన్న అసలు లక్షణం తెలుగు పేరులోనే స్పష్టంగా ఉంది. తులసి కాండం నలుపలకలుగా ఉండటం తెలిసిందే. ఆ నాలుగు అంచుల్లో ఉండేది ఇదే. పెరిగే కాండానికి బలమిస్తూనే దానితో పాటు సాగుతుంది. గాలికి లేత కాండం వంగి మళ్లీ లేవడానికి ఈ సాగే గుణం కావాలి.

స్క్లేరోస్ అంటే గట్టి. స్క్లెరెంకైమా, అంటే దృఢకణజాలంలో గోడలు లిగ్నిన్‌తో బిరుసెక్కి ఉంటాయి. పని మొదలయ్యేసరికి కణం చనిపోతుంది. మిగిలిన గోడే మొక్కకు ఆసరా. జామపండు తింటుంటే పంటికి ఇసుకలా తగిలేవి ఈ రకపు రాతికణాలు. కొబ్బరి చిప్ప దాదాపు పూర్తిగా వీటితోనే కట్టినది. పొడవుగా సాగిన రకం నార అవుతుంది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో గోగు పంట పండించేది ఈ నార కోసమే. కోసిన కట్టలను రోజుల తరబడి నీళ్లలో నానవేస్తారు. నీటిలోని సూక్ష్మజీవులు కణాలను అతికించే పెక్టిన్‌ను తిని మృదుకణజాలాన్ని కరిగిస్తాయి. లిగ్నిన్ పట్టిన గోడలు వాటికి లొంగవు కాబట్టి నార మిగులుతుంది. పత్తి కూడా పోగే అయినా దాని సంగతి వేరు. అది దృఢకణజాలం కాదు, గింజ పైపొరలోని ఒక్కో కణం సాగి ఏర్పడిన కేశం. ఇంచుమించు స్వచ్ఛమైన సెల్యులోజ్ కాబట్టి అంత మెత్తన.

నీటినీ ఆహారాన్నీ మోసే కణజాలాలకు జైలెమ్, ఫ్లోయెమ్ అని పేర్లు పెట్టింది కూడా నెగేలియే, అదే 1858లో. క్సైలాన్ అంటే కలప. ఫ్లోయోస్ అంటే బెరడు. కర్ర పలకలు పరిచి వాయించే జైలోఫోన్ వాద్యం పేరులో ఉన్నదీ ఈ క్సైలానే. తెలుగులో జైలెమ్‌కు దారువు అన్నారు, అంటే అదే అర్థం. ఫ్లోయెమ్‌కు మాత్రం పోషక కణజాలం అన్నారు. గ్రీకు పేరు చోటును చెబితే తెలుగు పేరు పనిని చెబుతుంది. చదివేవారికి ఇదే ఎక్కువ ఉపయోగం. ఎందుకంటే బెరడంటే ఫ్లోయెమ్ ఒక్కటే కాదు, కేంబియం బయట ఉన్నదంతా బెరడే.

దారువులో నీటిని మోసే కణాలు చనిపోయిన గొట్టాలు. ఆకుల నుంచి నీరు ఆవిరైపోతుంటే ఆ లాగుడు గొట్టాల గుండా వేరుదాకా సాగుతుంది, నీటి అణువుల పరస్పర ఆకర్షణ వల్ల ధార తెగదు. వీటిలో సన్నని రకానికి ట్రాకీడ్ అని పేరు. ఈ పేరు ప్రయాణం విచిత్రమైనది. గ్రీకులో ట్రాకీయా అంటే గరుకైనది. గరుకు వలయాలున్న శ్వాసనాళానికి ఆ పేరు వచ్చింది. అక్కడి నుంచి పురుగుల గాలిగొట్టాలకు పాకింది. మాల్పీగీ మొక్కలోని చుట్టలు చుట్టిన నాళాలను చూసి, అచ్చం పురుగుల గాలిగొట్టాల్లా ఉన్నాయి కాబట్టి మొక్క వీటితోనే గాలి పీలుస్తుందనుకున్నాడు. అవి నీటి గొట్టాలని తేలాక కూడా ఊపిరి పేరు ఉండిపోయింది.

చెట్టు ముదిరేకొద్దీ నడిమి దారువు నీరు మోయడం మానేస్తుంది. పక్కనున్న మృదుకణాలు ఆ గొట్టాల్లోకి బుడిపెల్లా చొచ్చుకువచ్చి దారి మూస్తాయి. బుడిపెను గ్రీకులో టైలోస్ అంటారు కాబట్టి వీటికి టైలోస్‌లని పేరు. తర్వాత ఆ భాగంలో రంగులు, నూనెలు, పురుగును ఆపే రసాయనాలు చేరతాయి. వడ్రంగులు చేవ అనేది దీన్నే. శేషాచలం కొండల ఎర్రచందనంలో విలువంతా చేవదే. దాని చుట్టూ ఉన్న తెల్ల చెక్కకు ఆ ఎరుపూ ఉండదు, ఆ ధరా ఉండదు.

పోషక కణజాలం ఇందుకు భిన్నం. ఆకులో తయారైన చక్కెరను మోసే చాలనీ నాళాల కణాలు బతికే ఉంటాయి, కానీ వాటిలో కేంద్రకం ఉండదు. పక్కనున్న సహకణమే వాటి మంచిచెడ్డలు చూస్తుంది. తాటి గెలను చెక్కితే కారే నీరా ఈ నాళాల రసమే. అందుకే అది తియ్యన. మాల్పీగీ చెట్టు చుట్టూ బెరడును ఉంగరంలా ఒలిచి చూశాడు. ఉంగరానికి పైభాగం ఉబ్బింది, కింది భాగం ఎండసాగింది. ఆకుల నుంచి ఆహారం బెరడు గుండానే దిగుతుందని 17వ శతాబ్దంలోనే ఇలా తెలిసింది.

పైపొరల పేర్లు సులువు. ఎపి అంటే పైన, డెర్మా అంటే చర్మం. ఎపిడెర్మిస్ మొక్కకూ మనిషికీ ఒకటే మాట. ఆకు మీది పత్రరంధ్రాన్ని స్టోమా అన్నారు, నోరు అని అర్థం. ముదిరిన కాండం మీద బెండు పొర ఏర్పడుతుంది. ఫెల్లోస్ అంటే బెండు. దాన్ని పుట్టించే పొర ఫెల్లోజెన్.

జంతువుల్లో

బిషా చెప్పిన 21 రకాలను సూక్ష్మదర్శిని మెరుగుపడ్డాక నాలుగుకు కుదించారు. ఉపకళ, సంయోజక కణజాలం, కండరం, నాడీ కణజాలం.

ఉపకళ గ్రీకు పేరు ఎపిథీలియం. అర్థం తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఎపి అంటే పైన, థేలే అంటే చనుమొన. 18వ శతాబ్దం తొలినాళ్లలో డచ్చి శరీరశాస్త్రవేత్త ఫ్రెడరిక్ రూయిష్ పెదవుల పొరను పరిశీలించాడు. అది మామూలు చర్మం కాదనీ, కింద చనుమొనల్లాంటి సన్నని బుడిపెలున్నాయనీ గమనించి, వాటిని కప్పిన పొరకు ఆ పేరు పెట్టాడు. తర్వాతివారు దాన్ని శరీరంలోని అన్ని పైపొరలకూ విస్తరించారు. 1865లో విల్హెల్మ్ హిస్ రక్తనాళాల లోపలి పొరకు ఎండోథీలియం అన్నాడు. ఎండో అంటే లోపల. విడదీసి చదివితే దానికి అర్థమే ఉండదు. అప్పటికే థీలియం అంటే పొర అనే అర్థం స్థిరపడిపోయింది.

ఉపకళ కణాలు ఇటుకల వరుసలా ఒకదానికొకటి ఆనుకుని, కింద ఒక ఆధార త్వచం మీద కూర్చుంటాయి. వాటిలో రక్తనాళాలు ఉండవు. ఆహారం కింది పొర నుంచి ఊరుతుంది. ఊపిరితిత్తుల గాలిగదుల్లో ఇవి పలుచని పొలుసులు. ఆక్సిజన్ ఇటునుంచి అటు దాటాలంటే పొర పలుచగా ఉండాలి మరి. పేగుల్లో స్తంభాల్లా నిలువుగా ఉండి, జీర్ణమైనదాన్ని పీల్చుకుంటాయి. శ్వాసనాళంలో శైలికలు ధరించి దుమ్మును, కఫాన్ని గొంతు వైపు తోస్తాయి. పొగతాగేవారిలో ముందుగా దెబ్బతినేవి ఈ శైలికలే. చర్మంలో అనేక వరుసలుగా పేరుకుని, పై వరుసలు కెరాటిన్ నిండి చనిపోతాయి. కెరాస్ అంటే కొమ్ము. ఎద్దు కొమ్ము తొడుగు, మనిషి గోరు, వెంట్రుక, పక్షి ముక్కు అన్నిటిలోనూ ఈ జాతి ప్రోటీనే ఉంది. రాపిడికి గురయ్యే చోటు కాబట్టి ఉపకళ ఎప్పటికప్పుడు కొత్తదవుతుంది. చిన్నపేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజుల్లో మారిపోతుంది. కొన్ని క్యాన్సర్ మందులు వేగంగా విభజన చెందే కణాలన్నిటినీ దెబ్బతీస్తాయి. ఆ చికిత్సలో నోరు పూయడం, విరేచనాలు అవడం అందుకే.

సంయోజక కణజాలంలో కణాల కంటే వాటి మధ్య పదార్థమే ఎక్కువ. ఆ పదార్థాన్ని బట్టే దాని స్వభావం. పోగులుంటే స్నాయుబంధనం, సున్నం పేరుకుంటే ఎముక, ద్రవమైతే రక్తం. పిండంలో ఇవన్నీ మెసెంకైమా అనే వదులు కణాల గుంపు నుంచి వస్తాయి. మొక్కల్లో చూసిన ఎన్‌ఖైమానే ఇక్కడా ఉంది. మెసోస్ అంటే నడుమ. సంస్కృతంలోని మధ్యకు ఇది చుట్టం. గ్రీకు, సంస్కృతం ఒకే మూలభాష నుంచి చీలినవి కావడంతో ఇలాంటి చుట్టరికాలు జంతు కణజాలాల పేర్లలో మళ్లీ మళ్లీ తగులుతాయి. తత్సమాలు తెలిసిన తెలుగు పాఠకుడికి ఇది పెద్ద సౌకర్యం.

ఈ కణజాలంలో ప్రధానమైన పోగు కొల్లాజెన్. కొల్లా అంటే జిగురు, జెన్ అంటే పుట్టించేది. తోలు, ఎముకలు ఉడికిస్తే వచ్చే జిగురుకు మూలం కాబట్టి ఆ పేరు. కొల్లెంకైమా పేరులో ఉన్న జిగురు మాటే ఇక్కడా ఉన్నా, పదార్థంలో పోలికే లేదు. అక్కడిది సెల్యులోజ్, పెక్టిన్, ఇక్కడిది ప్రోటీన్. మనిషి శరీరంలోని ప్రోటీన్లలో కొల్లాజెన్ పాలు పావువంతు పైనే. దాని పోగులు సరిగా పేనుకోవడానికి విటమిన్ సి కావాలి. పూర్వం నెలల తరబడి సముద్రం మీద ఉండే నావికులకు పండ్లు, కూరలు దొరకక చిగుళ్ల నుంచి రక్తం కారేది, మానిన గాయాలు మళ్లీ విచ్చుకునేవి. కొల్లాజెన్ నిలవలేకపోవడమే దానికి కారణం.

మృదులాస్థికి గ్రీకులో ఖోండ్రోస్ అని పేరు. కోండ్రోసైట్ అంటే మృదులాస్థి కణం. సైట్ అనే చివరి మాట కైటోస్ నుంచి వచ్చింది, బోలు పాత్ర అని అర్థం. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు. మోకాలి కీలులో అది అరిగితే తిరిగి పూడకపోవడానికి ఇది ముఖ్య కారణం. ఎముక అలా కాదు. దానికి రక్తం పుష్కలంగా అందుతుంది, విరిగినా అతుకుతుంది. ఎముకను ఓస్టెయోన్ అన్నారు. ఇది అస్థికి సోదర పదం. ఆస్టియోబ్లాస్ట్‌లు ఎముకను కడతాయి, బ్లాస్టోస్ అంటే మొలక. ఆస్టియోక్లాస్ట్‌లు దాన్ని కరిగిస్తాయి, క్లాస్టోస్ అంటే విరిగినది. ఈ రెంటి పని జీవితాంతం సాగుతుంది. కరిగించడం ఎక్కువైతే ఎముక గుల్లబారుతుంది. అదే ఆస్టియోపొరోసిస్. మెనోపాజ్ దాటిన స్త్రీలలో ఇది ఎక్కువ.

రక్తం కూడా సంయోజక కణజాలమే, దాని మధ్య పదార్థం ప్లాస్మా. హైమా అంటే రక్తం, ఎరిత్రోస్ ఎరుపు, ల్యూకోస్ తెలుపు, త్రాంబోస్ గడ్డ. ఎరిత్రోసైట్, ల్యూకోసైట్, త్రాంబోసైట్ అన్న మూడు పేర్లూ దీంతో విడిపోతాయి. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. డెంగీ జ్వరం వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ కనిపెట్టి చూసే ప్లేట్‌లెట్లే త్రాంబోసైట్లు. ఆరోగ్యవంతుల్లో ఘనపు మిల్లీమీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. నిజానికి ఇవి పూర్తి కణాలు కావు, ఎముక మజ్జలోని పెద్ద కణాల నుంచి రాలిన ముక్కలు.

కండరానికి గ్రీకు మాట మూస్. ఎలుకకూ అదే మాట. చర్మం కింద కదిలే కండ ఎలుకలా కనిపించిందని చెబుతారు. సంస్కృత మూషికం దీనికి దగ్గర బంధువు. మయోసిన్, మయోకార్డియం, మయోపతి అన్నిటిలో ఉన్నది ఈ మూసే. కండను సార్క్స్ అని కూడా అంటారు. రేఖిత కండర పోగులో సంకోచించే చిన్న ప్రమాణం సార్కోమియర్. అందులోని మియర్, మెరిస్టెమ్‌లోని మెరోస్ ఒకటే. ఎముకలకు అతికిన రేఖిత కండరం ఇచ్ఛానుసారం పని చేస్తుంది, త్వరగా అలసిపోతుంది. పేగుల్లో, రక్తనాళాల గోడల్లో ఉండే నునుపు కండరం ఇచ్ఛకు లోబడదు, నెమ్మదిగా ముడుచుకుంటుంది. గుండె కండరానికి చారలున్నా దాని మీదా ఇచ్ఛ పనిచేయదు. దాని కణాలు విద్యుత్ సంకేతాన్ని ఒకదాని నుంచి ఒకటి అందుకుని ఒక్కటిగా ముడుచుకుంటాయి, రోజుకు సుమారు లక్ష సార్లు.

ఈ ముడుచుకోవడానికి కావలసిన శక్తి ఎక్కడిది అన్న ప్రశ్నకు జవాబు దొరకడంలో తెలుగువాడి చేయి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేస్తూ, 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని కనుగొన్నాడు. కండరం పని చేసినప్పుడు అది తరిగిపోతుందనీ విశ్రాంతి తీసుకున్నప్పుడు మళ్లీ చేరుతుందనీ ఆ ప్రయోగాలు చూపాయి. 1929లో ఇద్దరూ కణాలకు శక్తినందించే ఏటీపీని కూడా కండరం నుంచి వేరుచేశారు. క్రియాటిన్ అన్న పేరు క్రియాస్ నుంచి వచ్చింది. అది కూడా గ్రీకే, మాంసమని అర్థం.

నాడికి న్యూరాన్ అన్న మాట ప్రాచీన గ్రీకులో స్నాయువుకూ వింటి నారికీ వాడేవారు. సంస్కృత స్నాయువు కూడా ఆ కుదురుదే. తెల్లగా దారాల్లా కనిపించేవన్నీ వారికి ఒకటే. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా వైద్యులు హెరోఫిలస్, ఎరాసిస్ట్రాటస్ శవాలను కోసి చూసి నాడులు వేరు, స్నాయువులు వేరని తేల్చారు. నాడీకణానికి న్యూరాన్ అని 1891లో పేరు పెట్టినవాడు జర్మన్ పండితుడు వాల్డయర్. దాని కొమ్మలు డెండ్రైట్లు. డెండ్రాన్ అంటే చెట్టు. దారువుకు, దీనికి మూలధాతువు ఒక్కటే. సంకేతాన్ని దూరానికి మోసే పొడవాటి తీగ ఆక్సాన్, అంటే ఇరుసు. సంస్కృత అక్షం దీని తోబుట్టువు. తెలుగు పాఠ్యపుస్తకాలు తంత్రికాక్షం అన్నప్పుడు ఆ రెండూ మళ్లీ కలుసుకున్నాయి.

ఒక నాడీకణం మరోదాన్ని కలిసే చోటుకు 1897లో చార్లెస్ షెరింగ్టన్ సినాప్స్ అన్న పేరు ప్రవేశపెట్టాడు. పేరు సూచించింది కేంబ్రిడ్జిలోని గ్రీకు పండితుడు వెరాల్. సిన్ అంటే కలిసి, హాప్టెయిన్ అంటే పట్టుకోవడం. కానీ కణాలు నిజంగా పట్టుకుంటాయా అన్నది అప్పటికి తేలలేదు. ఇటలీ శాస్త్రవేత్త గాల్జీ నాడీకణాలన్నీ అతుక్కున్న ఒకే వల అన్నాడు. స్పెయిన్ శాస్త్రవేత్త కాహాల్ దేనికదే విడి కణమన్నాడు. 1906లో నోబెల్ బహుమతిని పంచుకున్న తర్వాత కూడా ఇద్దరూ తమ మాటమీదే నిలబడ్డారు. 1950లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చూపినదేమంటే, నడుమ సుమారు 20 నానోమీటర్ల ఖాళీ ఉంది. కాహాల్ చెప్పిందే నిజమైంది. చాలా సంధుల్లో సంకేతం ఆ ఖాళీని రసాయనాల రూపంలో దాటుతుంది.

నాడీకణాల చుట్టూ ఉన్న ఇతర కణాలను జర్మన్ వైద్యుడు విర్కో న్యూరోగ్లియా అన్నాడు. గ్లియా కూడా జిగురే. మెదడును అతికిపెట్టే లప్పం తప్ప వీటికి వేరే పని లేదని చాలాకాలం అనుకున్నారు. నాడీతీగలకు మైలిన్ తొడుగు వేయడం, సంధుల్లో మిగిలిన రసాయనాలను తొలగించడం, చనిపోయిన కణాలను శుభ్రం చేయడం వీటి పనులేనని తర్వాత తెలిసింది. పరెంకైమా లాగానే ఇదీ జ్ఞానం ముందుకు పోయినా వెనకే ఉండిపోయిన పేరు.

రోగాల పేర్లలో

ఈ మూలపదాలు ఎక్కువగా పనికొచ్చేది ఆసుపత్రిలో. బయాప్సీ అంటే జీవమున్నదాన్ని చూడటం. అనుమానం ఉన్న చోటి నుంచి చిన్న ముక్క తీసి, పలుచని పొరలుగా కోసి, రంగు వేసి, అది ఏ కణజాలమో, ఎలా మారిందో పెథాలజిస్టు పరిశీలిస్తారు. రిపోర్టులో కార్సినోమా అని ఉంటే ఉపకళలో పుట్టిన క్యాన్సర్. కార్కినోస్ అంటే పీత, సంస్కృత కర్కటం. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, పెద్దపేగు క్యాన్సర్లలో అత్యధికం ఈ రకమే. ఎప్పటికప్పుడు విభజన చెందే కణజాలం కాబట్టి పొరపాట్లు జరిగే అవకాశమూ అక్కడే ఎక్కువ. సార్కోమా అంటే ఎముక, కండరం, కొవ్వు వంటివాటిలో పుట్టినది. గ్లియోమా గ్లియా కణాలది. ల్యుకీమియా తెల్లకణాలది. కార్సినోమాకూ సార్కోమాకూ శస్త్రచికిత్స, మందులు, వ్యాపించే దారి వేరువేరుగా ఉంటాయి. ఉపకళ క్యాన్సర్ తరచుగా లింఫు గ్రంథుల గుండా పాకితే, సార్కోమా ఎక్కువగా రక్తం ద్వారా ఊపిరితిత్తులకు చేరుతుంది.

ఓమా అన్న తోకకు గడ్డ అనే అర్థం. కొవ్వుతో ఏర్పడే లైపోమా, గర్భాశయ కండరంలో వచ్చే మయోమా సాధారణంగా ప్రాణహాని లేనివి. మెలనోమా, లింఫోమా మాత్రం అదే తోకతో ఉన్నా క్యాన్సర్లే. కాబట్టి పేరులోని మూలపదం గడ్డ ఏ కణజాలానిదో చెబుతుంది తప్ప అది ఎంత ప్రమాదకరమో చెప్పదు. ఆ సంగతి తేల్చవలసింది పెథాలజిస్టు పరీక్షే.